మూడు భాషల పిల్లలున్న బడి లైబ్రరీకి అవార్డు బొమ్మల పుస్తకాలు: ఏవి కొనాలి?

మీ ప్రశ్న: ఒడిశాలో గుణుపురం దగ్గర ప్రైమరీ స్కూల్లో పనిచేస్తున్నాను, లైబ్రరీకి కొంత డబ్బు వచ్చింది, అవార్డులు వచ్చిన బొమ్మల పుస్తకాలు కొనాలనుంది, పిల్లల్లో ఇంట్లో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు కలిసి ఉన్నారు, ఏవి తీసుకోమంటారు అని.

మేడమ్, నేను పర్లాకిమిడి పక్కన ఒక పల్లె బడిలో పందొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. మా క్లాసులోనూ అవే మూడు భాషలు. అందుకని పేర్ల కంటే ముందు నా మొదటి కొనుగోలు సంగతి చెప్పాలి. ఆ ఏడాది ఒక దాత డబ్బిస్తే, అవార్డు పుస్తకాల జాబితా ఒకటి పట్టుకుని పైనుంచి కిందికి టిక్కులు పెట్టుకుంటూ ఆర్డర్ చేశాను. పెట్టె విప్పితే సగానికి సగం లావుపాటి ఇంగ్లిష్ నవలలు. న్యూబెరీ మెడల్ రచనకిస్తారని, కాల్డెకాట్ మెడల్ బొమ్మలకిస్తారని అప్పటికి నాకు తెలియదు. ఆ నవలలు ఇప్పటికీ బీరువాలో కొత్తగానే ఉన్నాయి. దాత డబ్బు కదా, ఆ బాధ నాకు ఇంకా పోలేదు. మీకు అలా జరగకూడదు.

ముందు అవార్డుల సంగతి. కాల్డెకాట్ 1938 నుంచి అమెరికా లైబ్రరీ సంఘం ఇస్తోంది. అది చిత్రకారుడికిచ్చే మెడల్, అమెరికా పౌరులకో అక్కడ ఉండేవాళ్లకో మాత్రమే వస్తుంది. అట్ట మీద బంగారు రంగు ముద్ర ఉంటే మెడల్, వెండి రంగు ఉంటే ఆనర్, అంటే మెడల్ తర్వాతి గౌరవం. మన దేశపు పుస్తకాలకు పేరొచ్చేది ఎక్కువగా ఇటలీలో బొలోన్యా పుస్తక ప్రదర్శన ఇచ్చే అవార్డుల్లోను, స్లొవేకియాలో బ్రాటిస్లావా బొమ్మల పోటీలోను. మన సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం 2010 నుంచి తెలుగుకూ వస్తోంది గానీ, అది రచయితలకిచ్చేది. ఆ జాబితాలో బొమ్మల పుస్తకం వెతికితే నిరాశపడతారు.

మూడు భాషల క్లాసులో నాకు పనికొచ్చిన పరీక్ష ఒకటే. అక్షరాలన్నీ చేత్తో మూసేసి పేజీలు తిప్పండి. కథ అందుతోందా? అందితే కొనండి. అందకపోతే ఎంత పెద్ద అవార్డు వచ్చినా మీ పిల్లలకు ఇప్పుడే వద్దు. అనువాదం చేసి చెప్పే పుస్తకంలో మొదట నవ్వేది తెలుగు పిల్లలు, తర్వాత ఒడియా పిల్లలు. సవర పిల్లలు పక్కవాళ్లను చూసి నవ్వుతారు. బొమ్మ కథ చెబితే ముగ్గురూ ఒక్కసారే నవ్వుతారు. ఆ తేడా కళ్లారా చూశాక ఇంక నేను వేరేలా కొనలేదు.

ఆ లెక్కన మొట్టమొదట కొనాల్సింది జెర్రీ పింక్నీ గీసిన 'ది లయన్ అండ్ ది మౌస్'. 2010లో కాల్డెకాట్ వచ్చింది. సింహం, ఎలుక కథ మనందరికీ తెలిసిందే. అందులో వాక్యాలే లేవు, జంతువుల అరుపులు, జీపు చప్పుడు లాంటి శబ్దాలు తప్ప. అట్ట మీద పేరు కూడా ఉండదు, నిండా సింహం మొహం, అంతే. నేను దాన్ని మూడో తరగతిలో మొదటిసారి చూపించిన రోజు, అంతవరకు క్లాసులో నోరు విప్పని ఒక సవర పాప లేచి వచ్చి, వల తాడు కొరుకుతున్న ఎలుకను వేలితో చూపిస్తూ గడగడా ఏదో చెప్పేసింది. నాకు సగమే అర్థమైంది. వాళ్ల ఊరి పిల్లాడు తెలుగులో చెప్పాడు: "వాళ్ల నాన్న కూడా అడవిలో ఉచ్చు పెడతాడంట సార్, అందులో పడింది ఎలా కొట్టుకుంటాదో చెబుతోంది." ఏడాది మొత్తం మీద ఆ పాప నోటి నుంచి అంత పొడవు మాట నేను వినడం అదే మొదలు. ఆ రోజు పాఠం ఇంక ముందుకు సాగలేదు. సాగకపోవడమే మంచిదైంది.

రెండోది ఎజ్రా జాక్ కీట్స్ 'ది స్నోయీ డే'. 1962లో వచ్చింది, 1963లో కాల్డెకాట్ అందుకుంది. నల్లజాతి పిల్లవాడు కథానాయకుడైన బొమ్మల పుస్తకాలు అమెరికాలో చాలా అరుదుగా ఉన్న రోజుల్లో వచ్చిన పుస్తకం. పీటర్ అనే చిన్నవాడు ఎర్ర కోటు తొడుక్కుని మంచులో ఆడుకుంటాడు. మాకు మంచు ఎక్కడిది, పిల్లలకు ఏం అర్థమవుతుంది అని మా హెచ్ఎం గారు వద్దన్నారు. ఆయన సందేహం న్యాయమైనదే. తెలుగులో చెబుతుంటే మొదట ఇబ్బందే అయింది. మన వైపు మంచు అంటే మహేంద్రగిరి మీద పొద్దున్నే కమ్ముకునేది, చేతికి దొరికేది కాదు. చేత్తో ముద్ద చేసే మంచు అని ఎన్ని రకాలుగా చెప్పినా మొహాలు మొహాలు చూసుకున్నారు.

కానీ కథలో పీటర్ ఒక మంచు ఉండ చేసి, రేపటికని జేబులో దాచుకుని ఇంటికి వెళ్తాడు. పడుకోబోయే ముందు చూసుకుంటే జేబు ఖాళీ. ఆ పేజీ దగ్గర ఒక పాప, "నేనూ వడగళ్లు ఏరి గ్లాసులో పెట్టాను సార్, అన్నం తినొచ్చేసరికి నీళ్లయిపోనాయి" అంది. అంతే, క్లాసంతా వడగళ్ల వానే. ఎవరింటి రేకుల మీద ఎంత చప్పుడైంది, ఎవరు నోట్లో వేసుకున్నారు, ఎవరి మామిడి పిందెలు రాలాయి. దూరదేశపు పుస్తకం అయినంత మాత్రాన తీసిపారేయకండి. దాచుకున్నది కరిగిపోవడం ఏ ఊరి పిల్లలకైనా తెలుసు.

మారిస్ సెండాక్ 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' కూడా తీసుకోండి, 1964 కాల్డెకాట్. అమ్మ మీద కోపంతో ఉన్న పిల్లాడి గది అడవిగా మారుతుంటే, పేజీలో బొమ్మ కూడా కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది. చివరికి రెండు పేజీలూ నిండిపోయి అక్షరాలు మాయమవుతాయి. మూడు జతల పేజీల్లో ఒక్క మాట ఉండదు, రాక్షసుల గెంతులే. అక్కడ మీరేం చదవకండి, బల్లల మీద దరువు వేయనివ్వండి. మా దగ్గర చిన్న పిల్లలు ఒకరిద్దరు మొదట భయపడ్డారు. ఒకటో తరగతికైతే కాస్త ఆగి చూపించండి.

కాల్డెకాట్ రాలేదని వదలకూడనిది ఎరిక్ కార్ల్ 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్'. 1969 నాటిది. పురుగు తిన్న ప్రతి పండుకీ పేజీలో చిల్లు ఉంటుంది. మా పిల్లలు వేళ్లు దూర్చి దూర్చి చిల్లులన్నీ వెడల్పు చేసేశారు. రెండో కాపీ కొన్నాం.

ఇక మన దేశపువి. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నా మనసులో వీటికి మొదటి స్థానం. చెన్నైలో తారా బుక్స్ వాళ్లు వేసిన 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' అని ఒకటుంది. భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి అనే ముగ్గురు గోండు చిత్రకారులు గీశారు. 2008లో బొలోన్యా అవార్డు వచ్చింది. నల్లటి చేతి కాగితం మీద స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగూ చేత్తో అద్ది వేస్తారు. పుస్తకం తెరిస్తే రంగు వాసన వస్తుంది, వేలితో తడిమితే గీత తగులుతుంది. ఖరీదు ఎక్కువే. ఆ డబ్బుకి మామూలు పుస్తకాలు చాలా వస్తాయి. మా పాత విద్యార్థులు నలుగురు కలిసి కొనిచ్చారు.

దాన్ని చూపించిన రోజు సవర పిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు. ఒక పిల్లాడు, "ఇది మా అవ్వ గోడ మీద వేసినట్టుంది" అన్నాడు. గోండుల బొమ్మ, సవరలు గోడ మీద వేసే ఇడితాల్ ఒకటి కావు, గీత వేరు, తీరు వేరు. కానీ ఇంటి గోడ మీద ఉండే లాంటిది అట్ట వేసిన పుస్తకంలోకి ఎక్కిందని వాడికి అర్థమైంది. మర్నాడు ఇంటి నుంచి ముగ్గుపిండి పట్టుకొచ్చి నల్లబల్ల కింద నేల మీద ఒక చెట్టు వేశాడు. ఆ చెట్టును మేము వారం రోజులు తుడవలేదు.

ఇదే పర్లాకిమిడిలో టీచరుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. అది నూరేళ్ల కిందటి మాట. మనం ఈ రోజు కనీసం వాళ్ల పిల్లలు తమ ఇల్లు గుర్తుపట్టే ఒక్క పుస్తకమైనా బడిలో పెట్టాలి కదా.

తూలిక ప్రచురణ వాళ్లవీ చెన్నైవే, కొన్ని తెలుగు–ఇంగ్లిష్ కలిపి ఒకే పేజీలో వేస్తారు. అశోక్ రాజగోపాలన్ 'గజపతి కులపతి' తప్పకుండా కొనండి. ఊరందరికీ ఇష్టమైన పెద్ద ఏనుగు, దానికి జలుబు చేస్తుంది, ఇక తుమ్ము. మాది గజపతి జిల్లా కాబట్టి పేరు చదవగానే పిల్లలు విరగబడి నవ్వారు. 1992లో గంజాం నుంచి విడదీసి జిల్లా చేశారు, మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు అన్న పాఠం ఆ నవ్వులోనే చెప్పేశాను. మీది రాయగడ జిల్లా అయినా, ఏనుగు తుమ్ము అన్ని భాషల్లోనూ తుమ్మే. చదివేటప్పుడు తుమ్ము మాత్రం గట్టిగా తుమ్మాలి మేడమ్, సిగ్గుపడకూడదు.

తూలికదే ఇంకొకటి, మహాశ్వేతా దేవి రాసిన 'ది వై-వై గర్ల్', బొమ్మలు కన్యికా కిని. మొయినా అనే శబర పిల్ల మేకలు కాస్తూ ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని అడుగుతుంది. నదికి అంత దూరం ఎందుకు నడవాలి, యజమానులు తినగా మిగిలింది నేనెందుకు తినాలి. నాలుగు, అయిదు తరగతులకి సరిపోతుంది. ఇది చదివాక మీ క్లాసులో కష్టమైన ప్రశ్నలు వస్తాయి. జవాబు తెలియని చోట తెలియదనే చెప్పండి.

డబ్బు అయిపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. 2015 నుంచి ఉచితం. తెలుగు, ఒడియా కథలు బోలెడు, సవర, కుయి (కంధుల భాష) కథలు కూడా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవచ్చు, మనమే అనువాదం చేసుకోవచ్చు, దానికి అనుమతి ఉంది. నేను కలర్ ప్రింటు ఖర్చు భరించలేక తక్కువ మాటలున్న మొదటి స్థాయి కథలు కొన్నే తీయించి లామినేషన్ చేయించాను. ఒకే కథ మూడు భాషల్లో దొరికితే మూడూ తీయండి, పక్కపక్కన పెట్టండి. పిల్లలు ఒకరి మాట ఒకరికి నేర్పుకుంటారు. మా తెలుగు పిల్లలు సవరలో లెక్కపెట్టడం అలాగే నేర్చుకున్నారు.

తక్కువ ధరకు తెలుగులో కావాలంటే సికింద్రాబాద్ తార్నాకలో మంచి పుస్తకం వాళ్లున్నారు, పోస్టులో పంపుతారు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం ఒడియాలోనూ తెలుగులోనూ వస్తుంది. కాగితం సన్నం, బొమ్మలు మాత్రం కొన్ని చాలా గొప్పగా ఉంటాయి. నా చిన్నప్పుడు మాకు బొమ్మల పుస్తకం అంటే మాస్కో నుంచి వచ్చినదే. ఆ సోవియట్ పుస్తకాలను తెలుగు చేసిన వాళ్లలో ఉప్పల లక్ష్మణరావు గారిది మన బరంపురమే. పాతవి ఎవరింట్లోనైనా కనబడితే అడిగి తెచ్చుకోండి.

తెచ్చాక బీరువాలో పెట్టి తాళం వేయకండి. చిరుగుతాయన్న భయం నాకూ ఉండేది, ఆడిట్ టెన్షన్ కూడా. తర్వాత కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు అట్ట కనబడేలా వేలాడదీశాను. వీపు కనబడే పుస్తకాన్ని చిన్నపిల్లలు తీయరు, మొహం కనబడితే తీస్తారు. చిరిగిన పేజీకి ప్లాస్టిక్ టేపు వేయొద్దు, రెండేళ్లలో పసుపు పచ్చగా మారి అంటుకుపోతుంది. పలుచటి కాగితం, మైదా జిగురు చాలు, శనివారం అయిదో తరగతి పిల్లలతో కలిసి అతికించండి. తాము అతికించిన పుస్తకాన్ని వాళ్లు మళ్లీ చింపరు.

చూపించేటప్పుడు అందరినీ అర్ధచంద్రంలా కూర్చోబెట్టి, పుస్తకం మీ భుజం పక్కన, వాళ్ల కళ్లకు ఎదురుగా పట్టుకోండి. అట్ట దగ్గరే రెండు నిమిషాలు ఆగండి. మొదట 'ఏం కనబడుతోంది' అని అడగండి, ఏ భాషలో చెప్పినా తీసుకోండి. చదవడం రెండోసారికి. ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ అడుగుతారు, విసుక్కోకండి.

మీ డబ్బు ఎంతో మీరు రాయలేదు. తక్కువైతే ముందు సింహం–ఎలుక, గజపతి కులపతి, స్టోరీవీవర్ ప్రింట్లు, ఈ మూడింటితో మొదలుపెట్టండి. గోండు చెట్ల పుస్తకం మాది ఒకటుంది. పర్లాకిమిడి వైపు వస్తే ఒక నెల పట్టుకెళ్లండి, మీ సవర పిల్లలు ఏమన్నారో మాత్రం ఇక్కడ రాయండి.