టీ తాగుతావా అంటే వద్దనకు తమ్ముడూ

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో ఏడున్నర వచ్చిందన్నావు. ఇంగ్లండ్‌లో ఈ షెఫీల్డ్ వచ్చి నాలుగు నెలలైనా క్లాసులో గానీ, పార్ట్‌టైం చేసే గోడౌన్‌లో గానీ ఎవరితోనూ మాట కలవడం లేదన్నావు. వీళ్ల ఇంగ్లీషంతా తప్పులతడకలా ఉందన్నావు. ఉచ్చారణ నేర్పే కోర్సుకి మూడొందల పౌండ్లు కట్టనా అని అడిగావు. కట్టకు. ఆ డబ్బుతో మంచి చలికోటు కొనుక్కో. పని గంటల సంగతంటావా, డిగ్రీ చదివేవాళ్లకి టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు. మిగతా వీసా రూల్సు మారుతుంటాయి, ప్రభుత్వం వెబ్‌సైట్‌లో చూసుకో. నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది. "శని, ఆదివారాలు అమ్మతో ఫోన్లో తప్ప నోరు విప్పను" అని రాశావు చూడు, నేను చెప్పదలుచుకున్నదంతా దాని గురించే.

నేను 2005 సెప్టెంబరులో ఇదే ఊరికి మెటలర్జీలో ఎమ్మెస్సీకి వచ్చాను. ఏడాది తిరిగాక ఉక్కు నమూనాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకుండానే చీకటి పడిపోతుంది, నువ్వూ చూశావు. ఒక శుక్రవారం సాయంత్రం గదికి చేరినదాన్ని సోమవారం పొద్దున్న దాకా ఒక్క మనిషితో మాట్లాడలేదు. బస్సెక్కి టికెట్ అడగబోతే గొంతు పెగల్లేదు. డబ్బుకి కూడా ఇబ్బంది పడ్డాను, ఇరవై పౌండ్లు మిగిల్చుకుని నెల గడిపిన రోజులున్నాయి. ఇప్పుడు అవి తలుచుకుంటే ఏమీ అనిపించదు. ఆ సోమవారం మాత్రం ఇవాళ్టికీ గుర్తే.

ల్యాబ్‌లో నేను చేసిన మొదటి తప్పు ఫ్లాస్కు. ఇంటి దగ్గర అల్లం, యాలకులు వేసి టీ కాచుకుని తీసుకెళ్లి నా బల్ల దగ్గరే తాగేదాన్ని. ఇక్కడి పద్ధతి వేరు. ఒక్కరు లేచి అందరికీ కలుపుతారు, మరో గంటకి ఇంకొకరి వంతు. "బ్రూ" అంటారు. కెటిల్ పైన అల్మారా తలుపుకి ఒక కాగితం అంటించి ఉండేది. ఎవరికి పాలెన్ని, చక్కెర ఎన్ని చెంచాలు అన్నీ పెన్నుతో రాసి, మూలలకి టీ మరకలతో. మొదటి వారం "టీ కావాలా?" అని రెండుసార్లు అడిగారు. "నో థాంక్స్, తెచ్చుకున్నాను" అన్నాను, మర్యాదగానే. మూడోసారి అడగలేదు. నాకు కావలసిన కబుర్లన్నీ ఆ కెటిల్ దగ్గరే నడుస్తున్నాయని తెలిసేసరికి మూడు నెలలు పోయాయి.

రెండోది "ఆల్రైట్?" పొద్దున్నే లోపలికి రాగానే ప్రతివాళ్లూ అదే అడిగేవారు. నా మొహంలో ఏదో జబ్బు కనిపిస్తోందనుకుని, జలుబు చేసిందనీ, గదిలో బాయిలర్ పాడైందనీ, ఓనరు పట్టించుకోవడం లేదనీ చెప్పుకుంటూ పోయేదాన్ని. వాళ్లు నిలబడి వినేవారు, మర్నాటి నుంచి కాస్త దూరంగా నడిచేవారు. మాది శ్రీకాకుళం జిల్లా. మా వీధిలో ఎవరు ఎదురుపడినా "ఏటి పిల్లా, తిన్నావా?" అంటారు. తిన్నాను అంటాం, ఏం కూరో చెప్పం. అడిగినవాళ్లకి కావలసింది కూర కాదు కదా, నువ్వు మావాళ్లలో ఒకదానివి అని చెప్పడానికి అదొక దారి. ఇలాంటి మాటలకి మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. సమాచారం కోసం కాక మనుషుల్ని కలిపి ఉంచడం కోసం ఆడే మాటలని వివరించాడు. మా అమ్మమ్మకి ఆ పేరు తెలియదు గానీ పని తెలుసు. నువ్వూ "ఆల్రైట్?" అంటే "ఆల్రైట్" అను, చాలు. చలిగా ఉంది కదా అంటే అవునను. నిన్నటి కంటే రెండు డిగ్రీలు ఎక్కువేనని దిద్దకు. నేను దిద్దాను.

ఆ దిద్దే బుద్ధే నాకు అన్నిటికంటే చేటు చేసింది. మా ల్యాబ్‌లో కాఠిన్య పరీక్షలు చేసే ఒక పెద్దాయన ఉండేవారు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఒకరోజు పదిమందిలో "వి వాజ్" అన్నారు. "వి వర్ అనాలి కదా?" అన్నాను. హైస్కూల్లో గ్రామర్‌కి నాకు ఫస్ట్ ప్రైజు వచ్చింది మరి. ఆయన ఏమీ అనలేదు. టీ కప్పు పట్టుకుని వెళ్లిపోయారు.

రెండు వారాలకి ఫర్నేస్ నుంచి ఒక నమూనా తీసి ట్రేలో పెట్టి, "డోంట్ టచ్ ఇట్ వైల్ ఇట్స్ కోల్డ్" అని నాకు చెప్పారాయన. చల్లగా ఉన్నప్పుడు ముట్టుకోకు అని నాకు అర్థమైంది. వేడి మీదే తియ్యాలి కాబోలనుకున్నాను. మూడొందల డిగ్రీల ఉక్కు ఎర్రగా ఏమీ ఉండదు, మామూలు ఇనుప ముక్కలాగే బూడిదరంగులో ఉంటుంది. పల్చటి గ్లవుజుతో చెయ్యి చాపాను. ఆయన ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. షెఫీల్డ్ ఉన్న ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో "వైల్" అంటే "అయ్యేదాకా" అని ఆరోజు తెలిసింది. చల్లబడేదాకా ముట్టుకోకు అని ఆయన తన భాషలో సరిగ్గానే చెప్పారు. ఆ భాష ఉన్న ఊళ్లోనే బతుకుతూ అది రానిదాన్ని నేను.

ఆ సాయంత్రం క్షమాపణ చెప్పాను. చిన్నప్పుడు "దీ", "దా" అన్నందుకు బళ్లో టీచర్లు తిట్టేవారని ఆయన అప్పుడు చెప్పారు. షెఫీల్డ్ పాతవాళ్లు నువ్వు, నిన్ను అనడానికి వాడే మాటలవి. పక్కనున్న బార్న్స్‌లీ వాళ్లు వీళ్లని "డీడార్లు" అని ఆటపట్టించేది అందుకే. అవేమీ పాడైపోయిన ఇంగ్లీషు కాదు, 1611 బైబిల్లో దేవుణ్ణి పిలిచిన "దౌ", "దీ"లే. ప్రామాణిక ఇంగ్లీషు వదిలేసుకుంది, వీళ్లు దాచుకున్నారు.

వింటుంటే నా విజయవాడ హాస్టల్ కళ్లముందు మెదిలింది. "ఏటి" అన్న ప్రతిసారీ గదంతా నవ్వేవారు. ఆర్నెల్లలో "ఏమిటి"కి మారిపోయాను. మా జిల్లాలోనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పుస్తకాల తెలుగుకీ జనం తెలుగుకీ ఇంత తేడా ఎందుకని ఆరోజుల్లో అడిగినవాడు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్ అనే ఇంగ్లీషాయన. నా యాసని వెక్కిరించినప్పుడు పడ్డ బాధ నాకు తెలిసి కూడా, సముద్రాలు దాటొచ్చి ఇంకొకాయన యాసని దిద్దాను. నువ్వు "తప్పులతడక" అని రాసిన చోట నేను ఆగిపోయింది అందుకే.

మరి నీ ఇంగ్లీషు మార్చుకోవాలా? అక్కర్లేదు. తేదీ ముందుకు జరపడానికి మనం వాడే "ప్రీపోన్" ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకి ఎక్కింది. అవతలివాళ్లకి అర్థం కాకపోతే గొంతు పెంచకు, కాస్త నిదానంగా ఇంకో మాటతో చెప్పు. రిపోర్టు రాసేటప్పుడు, ఇంటర్వ్యూలో నీ ఏడున్నర ఇంగ్లీషు బాగా పనికొస్తుంది, అక్కడ దాచుకోకు. కెటిల్ దగ్గర చెవులు పనికొస్తాయి. జీతమెంత, పెళ్లయిందా, ఇల్లెంతకి కొన్నారు అని మాత్రం మనవాళ్లని అడిగినట్టు అడక్కు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్యూ చెప్పు. "టీ"కి రమ్మంటే చాలా ఇళ్లలో రాత్రి భోజనమని అర్థం. నేను కడుపునిండా తిని వెళ్లి ఇంటావిడని నొప్పించాను.

ఏం మాట్లాడాలో తోచకపోతే, ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు "షెఫీల్డ్ వెన్స్‌డే"కి బుధవారం అని పేరేంటని అడుగు. ఆ పెద్దాయన్ని నేను అదే అడిగాను. బుధవారాలు పని లేని మనుషులు పెట్టుకున్న క్రికెట్ క్లబ్బు ఉండేదట, చలికాలంలో కూడా కలిసి ఉండటానికి 1867లో ఫుట్‌బాల్ మొదలుపెట్టారట. ఆపకుండా అరగంట చెప్పారు. ఊళ్లో రెండో జట్టు యునైటెడ్. ఎదుటివాళ్లది ఏ జట్టో ముందు కనుక్కో, ఆపైన నువ్వు వింటే చాలు.

ఆ మర్నాడు ఫ్లాస్కు ఇంట్లోనే వదిలేసి వెళ్లాను. పదకొండింటికి నేనే లేచి, కాగితం చూసుకుంటూ ఏడుగురికి టీ కలిపాను. రెండు కప్పులకి చక్కెర తారుమారైంది, ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం కప్పులు కడగడానికి వెళితే ఆ కాగితం అడుగున కొత్త వరుస ఉంది. నా పేరు స్పెల్లింగు తప్పే. పక్కన పెద్దాయన చేతిరాతలో ఉంది: పాలు ఎక్కువ, చక్కెర రెండు.