కయాక్ వేటకు ఏది ముందు, ఏది తర్వాత

చిరంజీవి అబ్బాయికి, బాబాయి ఆశీస్సులు.

తెడ్డుతో నడిపే సన్న పడవ, కయాక్ కొన్నానని, దానికి నీటి అడుగునూ చేపలనూ తెర మీద చూపించే ఫిష్ ఫైండర్ ఏది బాగుంటుందో చెప్పమని రాశావు. ఫైండర్ సంగతి చివర్లో చెబుతాను. అంతకన్నా ముందు కొనాల్సినవి ఉన్నాయి, వాటికయ్యే ఖర్చూ తక్కువే. కయాక్ మీద వేటలో అసలు ఇబ్బంది చేతులు చాలకపోవడం. తెడ్డుకు రెండు చేతులూ కావాలి, గాలం రాడ్‌కూ రెండు చేతులూ కావాలి. ఈలోగా గాలి పడవను పక్కకు నెట్టుకుపోతుంది. అందుకని ఏ వస్తువు చూసి మనసు పడ్డా ముందు ఒక ప్రశ్న వేసుకో: ఇది నా చెయ్యి ఖాళీ చేస్తుందా, ఇంకో పని పెడుతుందా?

లైఫ్ జాకెట్‌కు మాత్రం ఈ ప్రశ్న వెయ్యొద్దు, దాన్ని అన్నిటికన్నా ముందు కొను. వీపు వైపు ఫోమ్ పైసగంలోనే ఉండి, కిందంతా జాలీ గుడ్డ ఉన్న రకం తీసుకో. మామూలు జాకెట్ సీటుకు ఆని మెడ మీదికి ఎగదన్నుకొస్తుంది, పైగా మన ఎండకు ఉడికిపోయి గంటలోపే విప్పి వెనక పడేస్తావు. విప్పిన జాకెట్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. లేబుల్ మీద ఐఎస్ఓ 12402-5 అనే ప్రమాణం, 50 న్యూటన్లు (తేల్చే బలం) అని ఉందో లేదో చూడు. పట్టీలన్నీ బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని ఎవరినైనా అడుగు. గడ్డం దాటి లేచిందంటే సైజు తప్పు. విజిల్, తాడు కోసే చిన్న కత్తి జాకెట్‌కే తగిలించు. కృష్ణలో వలలు ఎక్కువ. కాలు వలలో పడ్డప్పుడు డబ్బాలో దాచిన కత్తి అందదు.

జాకెట్ తర్వాత లంగరు ట్రాలీ, అంటే లంగరు తాడు పట్టే చోటును సీట్లోంచే ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు. నన్నడిగితే కయాక్ వేటను ఇంతగా మార్చే వస్తువు ఇంకొకటి లేదు, ఖర్చు చూస్తే నాలుగు హార్డ్‌వేర్ సామాన్లు. రెండు చిన్న కప్పీలు, 5 మిల్లీమీటర్ల నైలాన్ తాడు, ఒక స్టెయిన్‌లెస్ రింగు, తాడును నొక్కి పట్టే జిగ్‌జాగ్ క్లీట్ ఒకటి చాలు. బెజవాడ వన్‌టౌన్‌లో గంట తిరిగితే చాలావరకు దొరికేస్తాయి. ఒక కప్పీ పడవ ముందు కొసకు, రెండోది వెనక కొసకు, కొసలకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా బిగించు. తాడును రెండు కప్పీల చుట్టూ తిప్పి దాని రెండు కొసలూ రింగుకు కట్టు. నీది 11 అడుగుల పడవ కాబట్టి ఆ చుట్టుకు 7 మీటర్ల తాడు సరిపోతుంది. ఒక కప్పీకి పడవకు మధ్య జానెడు ఎలాస్టిక్ తాడు వేస్తే చుట్టు వదులు కాదు. సీటు దగ్గర తాడు లాగితే రింగు ముందుకో వెనక్కో వెళ్లాలి, క్లీట్‌లో నొక్కితే అక్కడే ఆగాలి. లంగరు తాడును ఈ రింగులోంచి దూర్చి నీళ్లలో వదులుతావు.

ఇంత ఏర్పాటు ఎందుకో అర్థం చేసుకో. సీటు పక్కనుంచే లంగరు వేసి తాడు కట్టేశావనుకో, ప్రవాహం పడవ పక్కకు గుద్దుకుంటుంది. ఎగువ వైపు అంచు కిందికి దిగుతుంది, నీళ్లు దాని మీదికి ఎక్కుతాయి, రెప్పపాటులో పడవ బోల్తా. తాడు లాగే చోటు కొసన ఉంటే పడవ ప్రవాహానికి నిలువుగా తిరిగి కుదురుగా నిలబడుతుంది. రింగు ఎప్పుడూ ముందు కొసనో వెనక కొసనో ఉండాలి, నీళ్లు పారేచోట మధ్యలో వదిలెయ్యొద్దు. నీళ్లు నెమ్మదిగా ఉంటే వెనక కొసన పెట్టుకో, ముఖం దిగువకు ఉంటుంది, గాలాలు కళ్ల ముందే ఉంటాయి. ఉరవడి ఉంటే ముందు కొసనే పెట్టు. అంతకు మించిన ఉరవడిలో లంగరే వద్దు.

3, 4 మీటర్ల పడవకు కొక్కేలు ముడుచుకునే కిలోన్నర మడత లంగరు చాలు. తాడు లోతుకు అయిదు రెట్లు ఉండాలి, అంటే 5 మీటర్ల లోతుకు 25 మీటర్లు. తాడు పొట్టిదైతే లంగరును నిలువుగా పైకి లాగుతుంది, అది ఇసుకలో దిగకుండా ఈడ్చుకుపోతుంది. లంగరు దగ్గర ఒక మీటరు సన్న గొలుసు కలిపితే లంగరు పడుకుని పట్టు దొరుకుతుంది. నీళ్ల మీద తేలే పసుపు ప్లాస్టిక్ తాడు వద్దు, వచ్చేపోయే పడవల ఫ్యాన్లకు చుట్టుకుంటుంది. నైలాన్ మునుగుతుంది, కుదుపు వచ్చినా కాస్త సాగుతుంది.

కట్టడంలో ఇంకో కిటుకు ఉంది. తాడును లంగరు పైకన్నుకు కట్టొద్దు. అడుగున కొక్కేలు కలిసేచోట ఉండే చిల్లుకు ముడి వేసి, తాడును కాడ వెంట పైకి తెచ్చి, పైకన్నుకు ఒక సన్న జిప్ టైతో, అంటే ప్లాస్టిక్ కట్టు పట్టీతో, పట్టించు. లంగరు రాళ్ల సందులో ఇరుక్కుంటే గట్టిగా లాగు. జిప్ టై తెగుతుంది, లంగరు తలకిందులై వచ్చిన దారినే బయటికి వస్తుంది. జేబులో పది జిప్ టైలు వేసుకుని వెళ్లు. తాడు రెండో కొసకు, రింగులోంచి దూరేంత చిన్న బెండు కట్టు. పెద్ద చేప పడవను లాక్కుపోతున్నా, టూరిస్టు బోటు మీదికి వస్తున్నా తాడు విడిచి బెండు నీళ్లలో పడేసి కదులు, తర్వాత వచ్చి తీసుకోవచ్చు. నడుము లోతు ఉన్నచోట లంగరు కూడా అక్కర్లేదు, ఏడెనిమిది అడుగుల వెదురు గడ ఒకటి బురదలో గుచ్చి ట్రాలీ రింగుకు కట్టుకో. గుర్రపుడెక్క అంచున కొర్రమీను కోసం కూర్చునేటప్పుడు గడే మేలు, చప్పుడు ఉండదు.

రాడ్‌ను నిలిపి ఉంచే హోల్డర్ల దగ్గర అందరూ తొందరపడతారు. ముందు పడవను ఇంట్లో గచ్చు మీద పెట్టి అందులో కూర్చో. తెడ్డు గాలిలో వేస్తున్నట్టు ఆడిస్తూ, తెడ్డూ పిడికిళ్లూ తగిలే చోట్ల సుద్దముక్కతో గీతలు గీసుకో. ఆ గీతల బయట, నడుము తిప్పకుండా చెయ్యి అందేచోట హోల్డర్ రావాలి. వీపు వెనక పెట్టిన రాడ్‌కు చేప పడితే, తిరిగి అందుకునేలోపు ఒళ్లు ఒక పక్కకు వాలిపోతుంది.

పడవ పాలిథిన్ జాతి ప్లాస్టిక్. దాని మీద ఎం-సీల్, ఫెవిక్విక్ లాంటివేవీ నిలబడవు. మామూలు స్క్రూ కూడా నాలుగు లాగులకు ఊడి వస్తుంది. లోపలికి చెయ్యి దూరేచోట 5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టు, అడుగున వెడల్పు వాషరు, నైలాన్ లాక్ నట్టు వెయ్యి. చెయ్యి దూరని చోట, బోల్టు బిగించేకొద్దీ లోపల ఉబ్బి పట్టుకునే రబ్బరు వెల్ నట్. డ్రిల్ నెమ్మదిగా తిప్పు, వేగానికి ప్లాస్టిక్ కరిగి చిల్లు పెద్దదైపోతుంది. బేస్ కింద మెరైన్ సీలెంట్ పూసి బిగించు, ప్లాస్టిక్ ఉబ్బేదాకా మాత్రం బిగించకు. అసలు రెండు పక్కలా అడుగు పొడవు గాడి పట్టీ (ట్రాక్ రైలు) ఒక్కొక్కటి వేసుకుంటే హోల్డరును ఎటైనా జరుపుకోవచ్చు, మళ్లీ మళ్లీ చిల్లులు పెట్టే బాధ తప్పుతుంది.

వెనక సామానుకు కంపెనీ క్రేట్ కొనకు. రైతు బజారులో టమాటాలు పోసే ప్లాస్టిక్ క్రేట్ చాలు. దాని గోడకు 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు అడుగు పొడవున మూడు, ఒక్కోదానికి రెండేసి జిప్ టైలతో కట్టు. పైపు మూతి ఉప్పుకాగితంతో నునుపు చెయ్యి. ఇవి రాడ్లు మోసుకెళ్లడానికి మాత్రమే, వీటిలో పెట్టి వేట చెయ్యొద్దు. పొడుగు ముక్కు పట్టకారు, చేప నోరు పట్టే గ్రిప్పర్ తీగ తాడుతో పడవకు కట్టి ఉంచు. జెల్లకు రెండు పక్కలా, వీపు మీదా ఉండే ముళ్లు దిగితే చెయ్యి సలపరించిపోతుంది, కయాక్‌లో దానికీ నీ తొడకూ మధ్య జానెడే దూరం. చేతి వల రబ్బరు పూతది కొను, నూలు వలలో గాలాలు చిక్కుకుంటే విప్పడానికే పొద్దు పోతుంది.

తెడ్డు మీద పెట్టిన డబ్బు ఎప్పుడూ వృథా కాదు. పడవతో వచ్చే అల్యూమినియం తెడ్డు కిలో పైమాటే. పొద్దుటి నుంచి వేల సార్లు ఎత్తి దించేది కాబట్టి ఆ తేడా భుజానికి తెలుస్తుంది. సీటు ఎత్తుగా ఉండే పడవకు 240 సెంటీమీటర్ల దాకా పొడవుండాలి, పొట్టిదైతే పిడికిళ్లు అంచుకు కొట్టుకుంటాయి.

ఇప్పుడు ఫైండర్. అయిదంగుళాల తెరది చాలు. ప్రకాశం బ్యారేజీ ఎగువన ఇసుక తీసిన గోతులు ఉన్నాయి. అడుగు ఎక్కడ దిగిపోతోందో తెలిస్తే సగం పని అయినట్టే, అది చవక ఫైండర్ కూడా చూపిస్తుంది. అలాంటిది ఒక ఆంపియర్ లోపే కరెంటు లాగుతుంది. యూపీఎస్‌లో వాడే సీసం బ్యాటరీ రెండు కిలోల పైన బరువు, పూర్తిగా ఖాళీ చేస్తే పాడవుతుంది. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకో, కిలో లోపే ఉంటుంది, రోజంతా ఆగుతుంది. ప్లస్ తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ వెయ్యి, కంపెనీ చెప్పిన ఆంపియర్లదే. నీళ్లలోకి శబ్ద తరంగాలు పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ లోపల అడుగుకు అంటిస్తే మధ్యలో గాలిబుడగ మిగలకూడదు, మిగిలితే తెర ఖాళీ. పక్కలు చూపించే రకమైతే లోపల అంటిస్తే పనికిరాదు, నీళ్లలోకి దించాల్సిందే.

కాళ్లతో తొక్కే పెడల్ పడవకు మారాలా అని కూడా అడిగావు. చేతులు ఖాళీ చేయడంలో దాన్ని మించింది లేదు, నిజమే. కానీ గుర్రపుడెక్క ఉన్నచోట ఫ్యాన్‌కు దాని వేర్లు చుట్టుకుంటాయి, లోతు తక్కువైతే అడుగు తగులుతుంది. ఒక ఏడాది తెడ్డుతో వేటాడాక, నువ్వెక్కువగా ఎలాంటి నీళ్లలో తిరుగుతున్నావో చూసుకుని అప్పుడు నిర్ణయించుకో.

గుంటూరు నుంచి వచ్చేవాడివి కాబట్టి తాడేపల్లి వైపే దిగుతావు. బ్యారేజీ దరిదాపుల్లోకి వెళ్లొద్దు, గేట్లు ఎత్తితే పైన నిదానంగా కనిపించే నీళ్లే కింద లాగేస్తాయి. 2024 సెప్టెంబరు వరదకు పెద్ద పెద్ద బోట్లే కొట్టుకొచ్చి గేట్లకు ఎదురు బరువుగా ఉండే కౌంటర్ వెయిట్లను విరగ్గొట్టాయి. పులిచింతల నుంచి నీళ్లు వదిలారన్న వార్త వింటే ఆ రోజుకు వేట లేదనుకో. కాలువల్లో దిగనే దిగకు, గట్లు నిటారుగా ఉంటాయి, ఎక్కడానికి పట్టు ఉండదు. చేపల హక్కు ఉన్న మత్స్యకార సంఘం వాళ్లను ముందే కలిసి అడుగు. వాళ్ల వలలు ఎక్కడున్నాయో కూడా వాళ్లే చెబుతారు. పొద్దున బయల్దేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్లు, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే తోడు వస్తుంది. సీటు వెనక నాలుగడుగుల కర్రకు నారింజ రంగు జెండా కట్టు, కూర్చున్న మనిషి బోటువాడికి దూరం నుంచి ఆనడు.

కొత్త సామాను బిగించిన ప్రతిసారీ మొలలోతు నీళ్లలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, పడవను కావాలని బోల్తా కొట్టి మళ్లీ ఎక్కిచూడు. హోల్డరు పొట్టకు అడ్డం వస్తే ఆ రోజే జరుపు. ఎండాకాలం కారు మీద పట్టీలు బిగించి ఎండలో వదిలెయ్యకు, వేడికి ప్లాస్టిక్ సొట్ట పడుతుంది. పడితే కంగారుపడకు, ఎండలో బోర్లా పెట్టి లోపలి నుంచి చేత్తో నొక్కితే చాలావరకు లేస్తుంది.

కప్పీలు బిగించాక ఫొటో పంపు, రింగు ఎంతదూరం వెళ్తోందో చూసి చెబుతాను.

ఇట్లు,
బాబాయి