మారేడుమిల్లికి ఇంగ్లీషు నేర్పడానికి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమామయ్య ఆశీస్సులు.

మారేడుమిల్లి చుట్టుపక్కల ఊళ్ళలో పర్యాటకుల పనులు చూసుకునేవారికి ఇంగ్లీషు నేర్పడానికి మూడు నెలలు సెలవు పెడుతున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. పదవీ విరమణ తరువాత రెండు చలికాలాలు నేను ఆ పనే చేశాను. కనుక నాకు తెలిసినవి, నేను చేసిన పొరపాట్లతో సహా, రాస్తున్నాను.

అక్కడి పర్యాటకం అటవీశాఖ తోడ్పాటుతో వన సంరక్షణ సమితులు నడిపేది. 1992లో మన రాష్ట్రంలో ప్రజలనూ అడవి కాపుదలలో భాగస్వాములను చేస్తూ పెట్టిన సమితులే ఇందుకు మూలం. వంట చేసేవారు, గదులు చూసేవారు, అడవిలో దారి చూపేవారు ఆ ఊళ్ళ మనుషులే. వారిలోని గిరిజనుల్లో కొండరెడ్లది తెలుగే, కోయలకు ఇంట్లో కోయ భాష, బయట తెలుగు, కాబట్టి ఇంగ్లీషు కొండరెడ్లకు రెండో భాష, కోయలకు మూడో భాష అవుతుంది. వచ్చే అతిథుల్లో అధికభాగం రాజమండ్రి నుంచో హైదరాబాదు నుంచో వచ్చే తెలుగువాళ్ళే. ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకుంటే, ఎవరికి ఎంత ఇంగ్లీషు కావాలో వారినే అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన నీకు మొదటి రోజే వస్తుంది. నాకు రాలేదు.

నేను మొదటి నెలంతా పలకరింపులు నేర్పాను. వెల్‌కమ్ సర్, ఎస్ సర్, థాంక్యూ సర్ అని అందరూ చక్కగా పలుకుతుంటే నా పని సఫలమైందనుకున్నాను. ఒక ఆదివారం ఒక అతిథి నేరుగా ఒక ఇంటి వసారాలోకి వెళ్ళి, బిడ్డకు పాలిస్తున్న తల్లిని ఫొటో తీయవచ్చా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె తల వంచుకుని "ఎస్ సర్" అంది. ఆమెకు ఇష్టం లేదని చూస్తున్న నాకు తెలుస్తూనే ఉంది, కానీ కాదని చెప్పే మాట నేను నేర్పలేదు. ఆ రాత్రి పాఠాలన్నీ తిరగరాశాను. మరునాటి నుంచి మొదటి పాఠం "ప్లీజ్ డోంట్ టేక్ ఫొటోస్" అయింది. ఆ తరువాత "దిస్ ఈజ్ అవర్ హౌస్, ప్లీజ్ వెయిట్ అవుట్‌సైడ్", ప్లాస్టిక్ పారవేయవద్దనే మాట, సీసాలతో వాగులో దిగవద్దనే మాట. అతిథిని ఆదరించడం వారికి మనం నేర్పనక్కరలేదు. తమ ఊరికి తామే యజమానులుగా నిలబడి మాట్లాడడానికి పనికొచ్చే ఇంగ్లీషు వారికి కావాలి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది, ఇందులో ప్రాణాపాయం ఉంది కనుక వివరంగా రాస్తున్నాను. జలతరంగిణి, అమృతధార వంటి జలపాతాల దగ్గర అతిథి "ఇజంట్ ఇట్ డీప్ హియర్?" అని అడుగుతాడనుకో. మన తెలుగు చెవికి అది "ఇక్కడ లోతు లేదా?" అని వినిపిస్తుంది. దారి చూపే కుర్రవాడు "లేదనకండి, లోతుంది" అన్న ఉద్దేశంతో "నో" అంటాడు. అతిథి ఆ మాటను లోతు లేదనే అర్థం చేసుకుని నీళ్ళలోకి దిగుతాడు. తెలుగులో మనం అవును, కాదు అనే మాటలను ఎదుటివారి మాట నిజమా కాదా అన్నదానికి వాడతాం. ఇంగ్లీషులో అవి అసలు విషయానికి వర్తిస్తాయి. ఈ తేడాను వ్యాకరణంగా చెబితే ఎవరికీ పట్టుబడదు. నీళ్ళు, పాములు, జారే బండలు, ఎత్తైన చోట్ల గురించి అడిగినప్పుడు ఎస్, నో అనే మాటలే వాడకుండా "ఇట్ ఈజ్ డీప్", "ఇట్ ఈజ్ డేంజరస్, డోంట్ గో" అని పూర్తి వాక్యంతోనే బదులివ్వాలని అలవాటు చేయించు. గదిలో కాదు, ఆ బండల మీదే నిలబెట్టి చేయించు.

మర్యాద విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. రండి, కూర్చోండి అన్నప్పుడు మన క్రియలోనే గౌరవం ఉంటుంది. అదే మనసుతో మనవాళ్ళు "కమ్, సిట్, ఈట్" అంటే కసిరినట్టు వినిపిస్తుంది, కనుక ఆ "అండి"కి బదులుగా "ప్లీజ్" అనాలని చెబితే వెంటనే అర్థమవుతుంది. లెక్కల దగ్గర థర్టీన్, థర్టీ, అలాగే ఫిఫ్టీన్, ఫిఫ్టీ తారుమారై డబ్బు నష్టపోతారు. అంకెను కాగితం మీద రాసి చూపడం కూడా పాఠంలో భాగమే.

బొంగులో చికెన్ చేసే వారి దగ్గర కూర్చుని, అతిథులు అడిగే ప్రశ్నలు వారం పాటు రాసుకో. నూనె వేశారా, కారం ఎంత, ఎంతసేపు పడుతుంది, బొంగు మూతికి పెట్టిన ఆకు ఏమిటి, ఇవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆ జవాబులే వారి పాఠ్యపుస్తకం. అడవిలో తిప్పేవారికి పిట్టల పేర్లు చెప్పబోయే ముందు నువ్వు వారి దగ్గర నేర్చుకో. పాలపిట్ట, జెముడుకాకి, కొండగోరింక అని వారు చూపినదాని పక్కన ఇంగ్లీషు పేరును తెలుగు లిపిలో రాసి ఇవ్వు. పిట్టకు వారు చెప్పే పేరు కొట్టివేసి నీ ఇంగ్లీషు పేరు రాయవద్దు. వారు చెప్పే ఆ పేరు వినాలని దూరం నుంచి వచ్చే అతిథులు కూడా ఉంటారు.

సంత రోజున, పోడు పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో పాఠం పెట్టుకోకు. శని, ఆదివారాలు వారికి పని రోజులు. వంట ముగిసిన తరువాత అరగంట చాలు. దోమతెర తప్పక తీసుకెళ్ళు, అక్కడ మలేరియా భయం ఉంది. పిల్లలకు పాఠాలు మొదలుపెట్టి మధ్యలో వదిలి రావద్దు; ఆ పని బడిలోని ఉపాధ్యాయులకే విడిచిపెట్టు. పెద్దవారిలో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయిని రెండో నెల నుంచే నీ పక్కన నిలబెట్టుకుని, మూడో నెలలో పాఠం ఆమెతోనే చెప్పించు. నేను ఈ పని చేయకుండా వచ్చేశాను. మరుసటి ఏడాది వెళ్ళేసరికి పుస్తకాలు మూటకట్టి అటక మీద ఉన్నాయి.

వెళ్ళగానే ఊరి పెద్దలనూ సమితి వారినీ కలుసుకుని, వారు సరేనన్నాకే పాఠం మొదలుపెట్టు. మొదటి వారంలో నువ్వు రాసుకున్న అతిథుల ప్రశ్నలను నాకు పంపితే, నా పాత పుస్తకంలోని ప్రశ్నలతో సరిచూసి, మారినవేమిటో తిరుగు టపాలో రాస్తాను.

ఇట్లు,
నీ పెద్దమామయ్య