‘ఇచ్చింది’ అనే మాట కొట్టేయి

తమ్మీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "2023-24లో ఉపాధి హామీకి కేంద్రం 60 వేల కోట్లు ఇచ్చింది" అని మొదలుపెట్టావు. అంకె సరైనదే, ‘ఇచ్చింది’ అన్న మాటతోనే నాకు పేచీ. బడ్జెట్‌లో ప్రభుత్వం అడుగుతుంది. ఏ శాఖకు ఎంత కావాలో చెప్పే పద్దును లోక్‌సభ ముందు పెట్టి ఓటు తీసుకుంటుంది, ద్రవ్య వినిమయ బిల్లు పాసయ్యాకే ఆ డబ్బు ముట్టుకుంటుంది. అడిగిన వాళ్లు లెక్క చెప్పాలి.

అంతకుముందు ఏడాది సవరించిన అంచనా 89,400 కోట్లు. అది తెలిసీ 60 వేలే ఎందుకు అడిగారు? చివరికి దాన్నీ 86 వేల కోట్లకు సవరించాల్సి వచ్చింది. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే నీ వ్యాసానికి ప్రాణం వస్తుంది.

చాలా ఏళ్ల కింద చందంపేట వైపు ఒక తండాలో ఒక అవ్వను కలిశాను. పనికి పోయిన ప్రతి రోజూ తలుపు పక్కన గోడ మీద బొగ్గుతో గీత గీసుకునేది. ప్లాస్టిక్ కవర్లోంచి పాస్‌బుక్ తీసి నా చేతిలో పెట్టింది. గోడ మీద 18 గీతలు, పుస్తకంలో 6 రోజుల కూలి. "మిగిలినయి ఎవర్ని అడగాలె బిడ్డా?" అంది. "వస్తయిలే అవ్వా" అని లేచి వచ్చేశాను. నేనన్న ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

ఎందుకంటే అడిగే తొవ్వ ఉంది. ఎంపీ ప్రశ్న వేయొచ్చు. పద్దు మీద 100 రూపాయల కోత తీర్మానం పెట్టి, ఫలానా ఇబ్బందికి జవాబు చెప్పమని మంత్రిని నిలదీయొచ్చు. ఖర్చయ్యాక ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు, వాటిని తిరగేసే ప్రజా పద్దుల కమిటీ ఉన్నాయి. 1967 నుంచి ఆ కమిటీకి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. చర్చ లేకుండా పద్దులన్నీ గిలెటిన్ అనే పద్ధతిలో ఒక్కసారే ఓటుకు పెట్టి పాస్ చేస్తే మాత్రం అడిగే వేళే దాటిపోతుంది. 2018 మార్చిలో సభలో గొడవ మధ్య అదే జరిగింది. 1952లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లేసి రావి నారాయణరెడ్డిని లోక్‌సభకు పంపిన నల్లగొండ మనది. మనం ఇది పట్టించుకోకపోతే ఎట్లా?

లోక్‌సభ వెబ్‌సైట్‌లో ప్రశ్నలు, జవాబులు ఉంటాయి. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు ఉపాధి కూలి గురించి ఏమడిగారో వెతుకు. దొరికితే మంత్రి జవాబు ప్రింట్ తీసుకొని ఏదైనా తండాకు పో. కూలీలకు చదివి వినిపించు. వాళ్లు ఏమంటారో అది రాసి నాకు పంపు.

మీ అన్న