చిన్నా, మీ బుల్లోడి వెనక కాళ్ళ గురించి

చిన్నా,

నువ్వు పంపిన మీ కుక్కపిల్ల బుల్లోడి వీడియో చూశానురా. పరిగెత్తేటప్పుడు వాడు వెనక కాళ్ళు రెండూ ఒకేసారి ఎత్తి గెంతుతున్నాడు. హాల్లో గ్రానైటు మీద పడుకుని లేచేటప్పుడైతే ముందుకాళ్ళు ఆనించి, ఛాతీ లేపి, ఒక్క క్షణం ఆగి, తర్వాత వెనక భాగాన్ని లాక్కుంటున్నాడు. ఏడెనిమిది నెలల పిల్ల అలా ఆలోచించుకుని లేవకూడదు. నీకు అనుమానం రావడం మంచిదే అయింది. కానీ ఎవరో చూసి "నడుం పోయింది, ఇక లాభం లేదు" అన్నారని రాశావే, ఆ మాట పక్కన పెట్టు. నడక చూసి అంత మాట ఎవరూ చెప్పలేరు.

తొడ ఎముక పైన గుండ్రటి తల ఉంటుంది, అది తుంటి ఎముకలో ఉన్న గుంతలో గట్టిగా కూర్చోవాలి. కొన్ని పిల్లలకి ఎదిగే వయసులో అది వదులుగా ఉండిపోతుంది. కదిలినప్పుడల్లా రాసుకుని, అరిగి, కొన్నాళ్ళకి కీళ్ళవాతం పట్టుకుంటుంది. దీన్నే హిప్ డిస్‌ప్లేసియా అంటారు. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, రాట్‌వైలర్లలో ఎక్కువ. బుల్లోడి మూతి, చెవులు చూస్తే లాబ్రడార్ పోలిక ఉంది కాబట్టి అది అయ్యుండొచ్చు. కానీ వాడు రావులపాలెం రోడ్డు పక్కన దొరికిన పిల్ల, నీ దగ్గరికి రాకముందు ఏం జరిగిందో మనకి తెలీదు. బండి తగిలి తుంటి ఎముక విరిగి, దానంతటదే వంకరగా అతుక్కున్నా ఇలాగే నడుస్తారు. వట్టి అన్నం మీద పెరిగి కాల్షియం చాలక ఎముకలు మెత్తబడినా ఇంతే. మన వైపు పిడుదుల బాధ తెలుసుగా, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా కీళ్ళు వాచి కుంటుతారు. చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య వెతుకు. చిగుళ్ళు పాలిపోయినా, ఒళ్ళు వేడిగా ఉన్నా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ఎక్స్‌రే కంటే ముందు రక్త పరీక్ష చేయించు.

ఎక్స్‌రే మాత్రం తీయించాల్సిందే. మన ఊళ్ళలో పశువుల ఆసుపత్రి డాక్టర్లకి గేదెలతోనే సరిపోతుంది. కుక్కలకి ఎక్స్‌రే తీసేవాళ్ళు కావాలంటే రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో వాకబు చెయ్యి. మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు రెండూ తిన్నగా చాపి తీయాలి. మెలకువగా ఉన్న పిల్లని పక్కకి పడుకోబెట్టి ఒకటి తీసి పంపిస్తే తుంటి సంగతి సరిగ్గా తేలదు. "మత్తిచ్చి తీస్తారా అండీ" అని ముందే అడిగేయ్, మొహమాటపడకు. పొద్దున్న తిండి పెట్టాలో వద్దో కూడా వాళ్ళనే అడుగు. ఫిల్మ్ ఫోటో ఫోన్లో దాచుకో, రేపు వేరే డాక్టరుకి చూపించడానికి పనికొస్తుంది. ఈ వయసులో బాగానే కనిపించి రెండో ఏడు వచ్చేసరికి తేడా తెలిసేవీ ఉంటాయి, అందుకే తుంటి బాగుందని ఖాయంగా చెప్పాలంటే రెండేళ్ళు నిండాక తీసిన ఫిల్మే చూస్తారు. ఇంకో సంగతి, ఫిల్మ్ భయంకరంగా ఉండి హాయిగా తిరిగే కుక్కలున్నాయి, ఫిల్మ్‌లో కొంచెమే ఉండి బాగా నొప్పి పడేవీ ఉన్నాయి. అది చూసి బెంబేలెత్తకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఫిల్మ్‌లో ఏం వచ్చినా నువ్వు చేయాల్సిన మొదటి వైద్యం ఒకటే, వాణ్ణి సన్నగా ఉంచడం. పస్తు పెట్టమని కాదు. కానీ బొద్దుగా, ముద్దుగా మాత్రం అవ్వనివ్వకు. గోదావరి జిల్లాల్లో ప్రేమంటే పెట్టడమే కదా! మీ అమ్మ రెండుపూటలా చేపల పులుసు కలిపిన అన్నం పెడుతుంది, పక్కింటి మామ్మగారు గేటు దగ్గరే పూతరేకు ముక్క అందిస్తుంది, పెళ్ళికెళ్ళొచ్చినవాళ్ళు కాజా తెస్తారు, వాడు తోక ఊపుతుంటే అందరికీ సంబరం. ఆ సంబరమంతా పోయి వాడి తుంటి మీద కూర్చుంటుంది. వదులు కీలు మీద పడే ప్రతి కిలో దాన్ని ఇంకా అరగదీస్తుంది.

ఇది నా చాదస్తం అనుకోకు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి, బతికినంతకాలం గమనించారు. 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, రెండో గుంపుది 11.2. తుంటి కీళ్ళవాతం కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా, తక్కువగా వచ్చింది. మందూ మాకూ లేకుండా, గిన్నెలో కొలత మార్చినందుకు వచ్చిన తేడా అది.

కొలత ఎలా తెలుస్తుందంటావా, చెయ్యి చాచి వేళ్ళు తిన్నగా పెట్టి, వేళ్ళ మొదళ్ళ దగ్గర అరచేతి వైపు కాకుండా చేతి వెనక వైపు తడిమి చూసుకో. లోపల ఎముకలు పలచటి చర్మం కింద తెలుస్తున్నాయా? బుల్లోడి పక్కటెముకలు అలా తగలాలి. నొక్కితే గానీ తగలకపోతే లావెక్కాడు, పిడికిలి బిగించినప్పుడు పొడుచుకొచ్చే గెణుపుల్లా తగిలితే బక్కచిక్కాడు. పై నుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుం కొంచెం లోపలికి పోవాలి. వారానికోసారి ఇలా తడుము, నెలకోసారి ఎత్తుకుని కాటా ఎక్కి నీ బరువు తీసేయ్.

పెద్ద జాతి పిల్లల కోసం అమ్మే తిండి కొనగలిగితే ఎదిగినన్నాళ్ళూ అదే మంచిది. దాని మీద మళ్ళీ కాల్షియం టానిక్ పొయ్యకు, ఎక్కువైన కాల్షియం పెద్ద జాతి పిల్లల ఎముకల్ని ఇంకా పాడుచేస్తుంది. ఇంటి వంటే పెడతానంటే ఏది ఎంతో డాక్టరు చేత రాయించుకో. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు, చేప ముళ్ళు అసలొద్దు. చేప నూనె కీళ్ళకి కొంత మేలు చేస్తుంది, ఎంత వెయ్యాలో అడిగి వెయ్యి. కీళ్ళకని అమ్మే గ్లూకోసమైన్ బిళ్ళల మీద నాకంత నమ్మకం లేదు.

తర్వాత మీ గ్రానైటు. ఆ నున్నటి నేల మీద వాడు రోజుకి ఎన్నిసార్లు కాళ్ళు జార్చుకుంటున్నాడో ఒక పూట కూర్చుని గమనించు. వాడు పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా, గిన్నె నుంచి గుమ్మం దాకా మ్యాట్లు వరసగా పరిచెయ్. కోనసీమలో ఉంటూ పీచు మ్యాట్లకి లోటేముంది? పీచు కొరికి మింగేస్తున్నాడనిపిస్తే తీసేసి అడుగున రబ్బరు ఉన్నవి వెయ్యి. గోళ్ళు పెరిగితే పట్టు దొరకదు, కత్తిరిస్తుండు. పడుకోవడానికి మందంగా రెండు మూడు బొంతలు వెయ్యి. వానాకాలం ముసురు పట్టినప్పుడు నేల చల్లదనానికి కీళ్ళు ఇంకా బిగుసుకుంటాయి.

నడక మానిపించకు. తొడ కండ బలంగా ఉంటేనే ఆ కీలుని పట్టి ఉంచుతుంది. పది నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు, తాడు పట్టుకుని, మెత్తటి మట్టి మీద, తోటలోనో చేలగట్టు మీదో తిప్పు. ఆదివారం ఒక్కరోజు గంటన్నర తిప్పి మిగతా వారమంతా కట్టేస్తే అంతకన్నా చెడుపు లేదు. బంతి విసిరి తెమ్మనడం, వెనక కాళ్ళ మీద నిలబెట్టి షేక్‌హ్యాండ్ ఇప్పించడం, స్కూటీ మీద నుంచి దూకనివ్వడం ఆపెయ్. మీ ఇంటి మెట్ల దగ్గర ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి పిరుదుల కింద పెట్టి ఎత్తుకో. బరువెక్కాక తువ్వాలు పొట్ట కింద, తొడల ముందు నుంచి వేసి వెనక భాగాన్ని కాస్త పైకి పట్టుకుంటే మెట్లు తనే ఎక్కుతాడు.

ఈత ఈ జబ్బుకి చాలా మంచిది, బరువు పడకుండా కండ పెరుగుతుంది. కానీ ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలి కాలువ నిండుగా పారుతున్నప్పుడు దింపకు, ఆ లాగుడు పిల్ల తట్టుకోలేదు. రేవు మెట్లకి నాచుంటుంది, అక్కడ జారితే ఉన్న కీలు కూడా పోతుంది. నిలకడ నీళ్ళలో, ఒడ్డు వాలుగా ఉన్నచోట, నడుముకి బెల్టు కట్టి నువ్వు పక్కనే ఉండి దింపు. చేల ఎలకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది కాబట్టి ఆ టీకా పడేదాకా అదీ వద్దు. రేబిస్ టీకా వేయించావా లేదా రాయలేదు, వేయించకపోతే రేపే వెళ్ళు.

మందుల మాట గట్టిగా చెబుతున్నా. మెడికల్ షాపులో దొరికే మన నొప్పుల బిళ్ళ, పారాసిటమాల్ గానీ ఐబుప్రోఫెన్ గానీ డైక్లోఫినాక్ గానీ, సగం ముక్కయినా వెయ్యకు. కడుపులో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు, కాలేయం పోతాయి. డాక్టరు మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు రాస్తే తిండి పెట్టాకే వెయ్యి, వాంతులైనా దొడ్డికి నల్లగా వెళ్ళినా ఆపేసి ఫోన్ చెయ్యి. ఎవరైనా ఇంజక్షను చేసి వాడు సాయంత్రానికే పరిగెడితే సంతోషపడే ముందు అది స్టెరాయిడా అని అడుగు. స్టెరాయిడూ, ఈ నొప్పి మందూ కలిపి పడకూడదు. కర్పూరం కాచిన కొబ్బరినూనె రాయమని మన పెద్దవాళ్ళు తప్పకుండా చెబుతారు. వాడు నాకేస్తాడు, కర్పూరం కుక్కలకి విషం. దానికి బదులు గోరువెచ్చటి బట్ట నీ మణికట్టు మీద వేసి చూసుకుని, తుంటి మీద పది నిమిషాలు ఉంచు.

ఆపరేషను గురించి ఇప్పుడే టెన్షన్ పడకు. పిల్ల నాలుగైదు నెలల లోపు ఉంటే చేసేదొకటి ఉంది, బుల్లోడికి ఆ వయసు దాటిపోయింది. నొప్పి దేనికీ లొంగకపోతే తొడ ఎముక తలని తీసేసి కండల మీదే నడిపించే పద్ధతి ఉంది, తేలికపాటి కుక్కలకి అది బాగా కుదురుతుంది. బరువు మాట అక్కడా వచ్చింది చూడు. చాలా కుక్కలకి అంతదాకా రాదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను మాత్రం ఎప్పుడో ఒకప్పుడు చేయించాలి, ఇది వంశంలో దిగే జబ్బు. పెద్ద జాతి పోలిక ఉంది కాబట్టి ఏడాది నిండేదాకా ఆగొచ్చేమో డాక్టర్ని అడుగు.

ఉన్నట్టుండి లేవలేకపోయినా, పాదం వెనక్కి మడిచి ఈడుస్తున్నా, తెలియకుండా మూత్రం పోతున్నా అది తుంటి కాదు, వెన్నుది అయ్యుంటుంది. ఆ రోజే తీసుకెళ్ళు, రాత్రయినా సరే.

డబ్బులకి ఇబ్బందైతే మొహమాటం లేకుండా చెప్పు, ఎక్స్‌రే ఖర్చు నేను పెట్టుకుంటాను. ఫిల్మ్ ఫోటో రాగానే పంపు. కావాలంటే చించినాడ వంతెన దాటి నేనే వచ్చేస్తాను, నాతో పాటు నాలుగు బొంతలు తెస్తాను. అన్నం సంగతి మీ అమ్మకి నువ్వు చెబితే వినదు, రేపు మధ్యాహ్నం నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.

మీ అత్త