వైపర్ బ్లేడ్లు కిందికి రాగానే ఫ్యూజు పోతోంది

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. 1970 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాగుచేసుకుంటున్నాను. వైపర్లకు లూకాస్ 14డబ్ల్యూ రెండు స్పీడ్‌ల మోటారు ఉంది. పాత స్విచ్ పాడైతే మామూలు టాగుల్ స్విచ్ (పైకీ కిందికీ వేసే చిన్న మీట స్విచ్) పెట్టాను. ఆఫ్ చేస్తే బ్లేడ్లు అద్దం మధ్యలోనే ఆగిపోయేవి. ఎవరో చెబితే మోటారు ప్లగ్‌లోని 2, 5 నంబర్ల వైర్లు కలిపేశాను. ఇప్పుడు వైపర్ ఆన్ చేస్తే, బ్లేడ్లు కిందికి రాగానే ఫ్యూజు పోతోంది. మోటారు మార్చాలా?

జవాబు: మార్చకండి, మోటారు బాగానే ఉంది. ముందు ఆ రెండు వైర్లూ విడదీయండి. మీ కారులో బ్రేకు లైట్లకు, ఇండికేటర్లకు కూడా అదే ఫ్యూజు. అందుకే పెద్ద ఫ్యూజు వేసి నెట్టుకొద్దామని మాత్రం అనుకోకండి.

మోటారు టెర్మినళ్లలో (వైర్లు తగిలే చోట్లలో) 1 ఎర్త్, నల్ల వైరు. 4కి ఇగ్నిషన్ నుంచి 12 వోల్టులు, ఆకుపచ్చ వైరు. 5 స్లో, 3 ఫాస్ట్. కిటుకంతా 2లో ఉంది. మోటారులోనే చిన్న పార్కింగ్ స్విచ్ ఒకటి ఉంటుంది. బ్లేడ్లు అద్దం మీద ఉన్నంతసేపూ అది 2ని 4కి కలిపి ఉంచుతుంది. కిందికి రాగానే 4ని వదిలి 1కి కలుపుతుంది.

ఆఫ్ చేసినప్పుడు డాష్‌బోర్డు స్విచ్ 5ని 2కి కలపాలి. అప్పుడు కరెంటు అందుతూనే ఉండి బ్లేడ్లు కిందిదాకా వస్తాయి. అక్కడ 5 కూడా ఎర్త్ అవుతుంది. ఇంకా తిరుగుతున్న ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ఒక్క క్షణం జనరేటర్‌లా పనిచేసి, తనకు తానే బ్రేకు వేసుకుంటుంది. ఈ ఏర్పాటు ఎప్పుడు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

మీరు 2, 5 శాశ్వతంగా కలిపేశారు. స్విచ్ ఆన్‌లో ఉండగా బ్లేడ్లు కిందికి వస్తే, 5లోని 12 వోల్టులు 2 మీదుగా నేరుగా ఎర్త్‌లోకి పోతాయి. ఫ్యూజు పోక ఏమవుతుంది?

ఈ కారుకు సరిపడే అసలు రకం వైపర్ స్విచ్చే కొనండి. ఆఫ్‌లో 5-2 కలవాలి, స్లోలో 4-5, ఫాస్ట్‌లో 4-3. ఫాస్ట్‌లో 5 దేనికీ తగలకూడదు. 5, 3లకు చెరొక బ్రష్ (ఆర్మేచర్‌కు కరెంటు అందించే ముక్క) ఉంటుంది; రెండు బ్రష్‌లకూ ఒకేసారి కరెంటు ఇస్తే మోటారు వేడెక్కి పాడవుతుంది.

బిగించే ముందు మోటారు ప్లగ్ తీసి, రెండు చోట్ల మధ్య కనెక్షన్ ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో మల్టీమీటర్‌ను మోటారు టెర్మినళ్లకు పెట్టండి. బ్లేడ్లు కింద ఉంటే 1-2 మధ్య, మధ్యలో ఆగి ఉంటే 2-4 మధ్య బీప్ రావాలి. రాకపోతే పార్కింగ్ స్విచ్ ఒక్కటే మార్చుకోవచ్చు.