ఆఖరి పది కిలోమీటర్లు

ప్రశ్న: మేం మారతహళ్లిలో ఉంటాం. ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే. పెళ్లయి ఏడేళ్లు, ఒక బాబు. వాణ్ణి మా అమ్మ కర్నూలు తీసుకెళ్తానంది కాబట్టి మాకు మూడు రోజులు దొరుకుతున్నాయి. సముద్రం దగ్గర ఊరికే కూర్చోవాలని ఉంది, చూడాల్సినవాటి లిస్టు అక్కర్లేదు. మాకు కారు లేదు. ఆఫీసులో అందరూ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోమంటున్నారు. మావారికి లైసెన్సు ఉంది గానీ హైవే మీద ఎప్పుడూ నడపలేదు, ఆయన స్టీరింగ్ పట్టుకుంటేనే నాకు టెన్షన్. పాండిచ్చేరి వెళ్లాలా, గోకర్ణ వెళ్లాలా, గోవా వెళ్లాలా తేలడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ సెల్ఫ్ డ్రైవ్ ఆలోచన పక్కన పెట్టేయండి. అలవాటు లేని మనిషి నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపి, ఘాట్ రోడ్డు దిగి, అక్కడ పార్కింగ్ వెతుక్కుని, మళ్లీ ఆదివారం రాత్రి నెలమంగల దగ్గర ట్రాఫిక్‌లో కూరుకుపోతే, మీరు సముద్రం చూసినట్టు కాదు, ఆయన మెడనొప్పి చూసినట్టు.

పెద్ద దూరం గురించి బెంగపడక్కర్లేదు, దాన్ని రైలు చూసుకుంటుంది, మీరు నిద్రపోవచ్చు. దిగాక స్టేషన్ నుంచి ఇసుక దాకా ఎంత దూరం, అక్కడున్నన్నాళ్లూ తిండికీ తిరగడానికీ కాళ్లు సరిపోతాయా అన్నదే చూసుకోవాలి. నన్నడిగితే ఆఖరి పది కిలోమీటర్లు తేలిగ్గా ఉన్న ఊరే కారు లేనివాళ్ల ఊరు. ఈ లెక్కన గోవా మీకు వద్దు. గోవా బాగుండదని కాదు, అక్కడ ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కి వెళ్లాలంటే స్కూటరో టాక్సీయో కావాలి, ట్యాక్సీవాళ్లతో బేరం చేస్తూనే మీ మూడు రోజులూ అయిపోతాయి.

మీకు గోకర్ణ సరిపోతుంది.

పంచగంగ ఎక్స్‌ప్రెస్ అని ఒక రైలుంది. బెంగళూరు సిటీ స్టేషన్ నుంచి సాయంత్రం బయల్దేరి కుణిగల్, హాసన్, సకలేశ్‌పుర మీదుగా ఘాట్ దిగి, మంగళూరు ఊళ్లోకి పోకుండా పడీల్ దగ్గర తిరిగి, ఉడుపి మీదుగా కార్వార్ వెళ్తుంది. పొద్దున్నే గోకర్ణ రోడ్ అనే చిన్న స్టేషన్లో దిగుతారు. సకలేశ్‌పుర, సుబ్రహ్మణ్య మధ్య ఆ ఘాట్‌లో యాభైకి పైగా సొరంగాలున్నాయి, రాత్రి కాబట్టి ఒక్కటీ చూడరు, అదొక్కటే నా బాధ. గురువారం సాయంత్రం ఎక్కితే శుక్ర, శని, ఆది మూడు రోజులూ మీవే. ఆదివారం సాయంత్రం తిరుగు రైలెక్కితే సోమవారం పొద్దున బెంగళూరులో ఉంటారు. అంటే మీకు కావాల్సింది శుక్రవారం సెలవు, గురువారం కాస్త ముందుగా ఆఫీసు నుంచి బయటపడటం, అంతే. ఆ ముందుగా అన్నదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మారతహళ్లి నుంచి సాయంత్రం క్యాబ్‌లో మెజెస్టిక్ దాకా వెళ్లి రైలు అందుకుంటామనుకునేవాళ్లు చాలామంది మారతహళ్లి వంతెన దగ్గరే రైలు పోగొట్టుకున్నారు. కుందలహళ్లి దాకా ఆటోలో వెళ్లి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కండి. మెజెస్టిక్ దాటాక వచ్చే స్టేషనే రైల్వే స్టేషన్.

టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. పూర్వం 120 రోజులుండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. లాంగ్ వీకెండ్ అయితే ఆ అరవయ్యో రోజు పొద్దున్నే కూర్చోవాలి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ముందు రోజు పదింటికి ఏసీ, పదకొండింటికి స్లీపర్, అది కూడా ఆధార్ కలిపిన ఐఆర్‌సీటీసీ ఖాతా ఉంటేనే. దొరక్కపోతే నేరుగా గోకర్ణకి రాత్రి బస్సులున్నాయి, కానీ ఘాట్ మలుపుల్లో నిద్ర పట్టని మనుషులైతే బస్సు వద్దు.

స్టేషన్ నుంచి ఊరు పది కిలోమీటర్ల లోపే. రైలు వచ్చేసరికి ఆటోలుంటాయి. పొద్దున మిమ్మల్ని దింపిన ఆటో అతని నంబరు తీసుకుని, ఆదివారం సాయంత్రం ఎన్నింటికి రావాలో అప్పుడే చెప్పేయండి. ఇది చిన్న సంగతే, కానీ ఆదివారం సాయంత్రం అందరూ ఒకేసారి అదే స్టేషన్‌కి బయల్దేరతారు.

ఇక బస. ఊళ్లో గుడి దగ్గరుండే మెయిన్ బీచ్, దానికి దక్షిణాన కొండ దాటితే కూడ్లె బీచ్, ఇంకో కొండ దాటితే ఓం బీచ్, ఆపైన హాఫ్ మూన్, ప్యారడైజ్. మీరు కూడ్లెలో ఉండండి. ఓం బీచ్ పేరు పెద్దది, ఓంకారం ఆకారంలో ఉంటుందని అందరూ అక్కడికే పోతారు, శనివారం మధ్యాహ్నానికి జాతరలా ఉంటుంది. కూడ్లె అర్ధచంద్రంలా పొడుగ్గా ఉండి, నడవడానికి చోటుంటుంది. తిండి కోసం వెతుక్కోనక్కర్లేదు, ఇసుక పక్కనే వరసగా హోటళ్లు. ఒకటే చిక్కు, ఆటో పైన ఆపేస్తాడు, మెట్లు దిగి వెళ్లాలి. చక్రాల సూట్‌కేసు తీసుకెళ్తే మీవారు దాన్ని నెత్తిన పెట్టుకుని దిగాల్సి వస్తుంది, కాబట్టి చెరో భుజం సంచి చాలు. మూడు రోజులకి ఎన్ని చీరలు కావాలండీ. ఒక్కటి మాత్రం ఉంచుకోండి, ఆయన పంచె కూడా, మహాబలేశ్వరుడి గుడికి ఎలాగూ వెళ్తారు. రావణుడు మోసుకొస్తున్న ఆత్మలింగాన్ని వినాయకుడు నేల మీద పెట్టేసిన చోటు అదేనని కథ. అంత బలవంతుడే అక్కడ సామాను దించి ఆగిపోయాడు, మనమెంత.

గది గురించి ఫోన్‌లో తప్పకుండా అడగాల్సిన మాట: రైలు పొద్దున్నే దింపుతుంది, గది ఎన్నింటికిస్తారు? ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట మా ఆవిడా నేనూ ఇలాగే కారు లేకుండా బెంగళూరు నుంచి రాత్రి బస్సులో పాండిచ్చేరి వెళ్లాం. తెల్లవారుజాము నాలుగున్నరకి దిగాం. హోటల్ అతను గది పన్నెండింటికి అన్నాడు, సామాను కూడా లోపల పెట్టుకోనన్నాడు. రెండు సూట్‌కేసుల మీద చెరోవైపు కూర్చుని సముద్రతీరంలో సూర్యోదయం చూశాం. చాలా అందంగా ఉంది. మా ఆవిడ పదకొండు దాకా నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచీ ఒక రాత్రి అద్దె ఎక్కువైనా సరే, పొద్దున్నే గది ఇస్తానన్నచోటే బుక్ చేస్తున్నాను. అలాగే ఆఖరి రోజు గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సంచులు పెట్టుకుంటారా, స్నానానికి చోటిస్తారా అనీ అడగండి. ఉప్పునీళ్ల ఒంటితో రాత్రంతా బెర్తు మీద పడుకుంటే మూడు రోజుల హాయీ దురదలో పోతుంది.

పాండిచ్చేరి ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడ ఊరి ముందే ఇసుక ఉంటుందనుకుని వెళ్తారు. ఉండేదట ఒకప్పుడు. తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. 1989 ప్రాంతంలో ఊరికి దక్షిణాన హార్బరు కోసం సముద్రంలోకి గోడలు కట్టేసరికి ఆ ఇసుక అక్కడే ఆగిపోయింది, ఊరి ముందున్నది కొట్టుకుపోయింది. మిగిలింది నల్లరాళ్ల గట్టు. ఈమధ్య నీళ్లలో కృత్రిమ గట్టు కట్టాక కొంచెం ఇసుక తిరిగి చేరింది గానీ, మీరు ఊహించుకునే బీచ్ కాదు. నడవడానికి మాత్రం పాండిచ్చేరిని మించిన ఊరు లేదు, సాయంత్రమైతే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, జనం రోడ్డు మధ్యలో నడుస్తారు. కాఫీ, పాత ఇళ్లు, సైకిలు మీద వీధులు, ఇవి కావాలంటే వెళ్లండి. పైగా మన యానాం కూడా ఆ పాండిచ్చేరిలో భాగమే కాబట్టి పరాయి ఊరనుకోనక్కర్లేదు.

ఇంకో రోజు సెలవు దొరికితే కేరళలోని వర్కల గురించి ఆలోచించండి. బెంగళూరు నుంచి కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్, పెద్దవాళ్లు ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ అంటారు, మర్నాడు మధ్యాహ్నం దగ్గరపడుతుండగా నేరుగా వర్కలలో దింపుతుంది. స్టేషన్ నుంచి ఎర్రటి కొండ అంచు దాకా మూడు నాలుగు కిలోమీటర్లే. ఆ అంచు వెంబడి కాలిబాట, బాటకి ఒకవైపు హోటళ్లు, ఇంకోవైపు కింద సముద్రం. మా లెక్కలో వర్కలకి గోకర్ణ కంటే ఎక్కువ మార్కులు పడాలి, కానీ రానూపోనూ రైల్లోనే ఒక రోజుకి పైగా పోతుంది, మూడు రోజులకి గిట్టదు.

ఎప్పుడు వెళ్లాలన్నది మీరు రాయలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి సముద్రం దగ్గరికి కూడా రానివ్వదు, పడవలు ఆపేస్తారు, ఘాట్‌లో కొండచరియలు పడితే రైలూ ఆగిపోతుంది. డిసెంబరు చివరి వారం, శివరాత్రి వదిలేయండి.

నీళ్ల గురించి ఒక మాట. ఎక్కడైనా అలలు విరుగుతున్న చోట్ల మధ్యలో ఒక సందు మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అటు దిగకండి. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. పొరపాటున అందులో పడితే ఒడ్డువైపు ఈదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ సందు వెడల్పు తక్కువే ఉంటుంది, పక్కకి తప్పుకుంటే అలలే ఒడ్డుకి తోస్తాయి. ఓం బీచ్ దగ్గర రాళ్ల అంచున నిలబడి ఫోటోలు అసలొద్దు. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే మనల్నే అనుకోవాలి.

మిగతాది ఏం చేయాలో నేను చెప్పను, లిస్టు వద్దన్నారుగా. శనివారం పొద్దున ఎండ ముదరకముందు కూడ్లె నుంచి ఓం దాకా కొండ మీదుగా నడిచి వెళ్లి టిఫిను తిని రండి చాలు. ఆ కొండదారుల్లో చీకటి పడ్డాక తిరగొద్దు. మన కోస్తాలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, అక్కడ సముద్రంలోకి దిగుతాడు, అంటే పొద్దున్నే అలారం పెట్టుకుని లేవాల్సిన పని కూడా లేదు.

ప్రశ్న: నాకు 64, మా ఆవిడకి 60. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. జేపీ నగర్‌లో అబ్బాయి దగ్గరుంటున్నాం. వాడి కారు అడగడం ఇష్టం లేదు. మాకూ సముద్రం చూడాలనుంది.
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: పైన రాసిన కూడ్లె మీకు కాదండీ, ఆ మెట్లు దిగొద్దు. ఉడుపి వెళ్లండి. పంచగంగ రైలు ఉడుపికి తెల్లవారకముందే చేరుస్తుంది, ఆ వేళకి దిగడం మీకు కష్టం, కాబట్టి ఆరింటి తర్వాత చేరే రాత్రి స్లీపర్ బస్సు చూసుకుని, కింది బెర్తులే తీసుకోండి. కృష్ణ మఠం దగ్గర బస పెట్టుకుంటే గుడికి నాలుగడుగులు, భోజనానికి దిగుల్లేదు. అక్కడి నుంచి మల్పె బీచ్ ఆరు కిలోమీటర్లు, సిటీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి, ఆటో అయినా పెద్ద ఖర్చు కాదు. మల్పె ఇసుక చదునుగా, రోడ్డు పక్కనే ఉంటుంది, మోకాళ్లకి పరీక్ష పెట్టదు. అక్కణ్ణుంచి సెయింట్ మేరీస్ దీవికి పడవలున్నాయి, లావా చల్లారి స్తంభాల్లా నిలిచిన రాళ్లు చూడ్డానికి అందరూ వెళ్తారు. కానీ పడవ ఎక్కడం, దిగడం, అక్కడ రాళ్ల మీద నడక, వీటితో మీకు అవస్థే. సాయంత్రం నాలుగింటికి మల్పె వెళ్లి చీకటి పడ్డాక మఠం దగ్గరికి వచ్చేయండి, రెండు రోజులూ అదే చేయండి. అబ్బాయికి చెప్పకుండా మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: మా అత్తగారు గోకర్ణ ఎందుకు, మన సూర్యలంక లేదా అంటున్నారు. బెంగళూరు నుంచి కారు లేకుండా వీలవుతుందా?
- ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: మీ అత్తగారిది బాపట్ల వైపని ఇట్టే తెలిసిపోతోంది. వీలవుతుంది. బెంగళూరు, కాకినాడ మధ్య తిరిగే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ తిరుపతి, నెల్లూరు, ఒంగోలు, చీరాల మీదుగా వెళ్తుంది. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలుంటాయి. తీరం మీదే టూరిజం వాళ్ల హరిత రిసార్టు ఉంది, మామూలు రోజుల్లో బుక్ చేసుకుంటే ప్రశాంతంగా ఉంటుంది. ఆదివారాలు, కార్తీకమాసం స్నానాల రోజులు మాత్రం ఇసుక కనపడనంత జనం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వార్త ఉంటే టికెట్ రద్దు చేసుకోవడమే. గది దొరక్కపోతే చీరాలలో దిగి ఓడరేవు, రామాపురం వైపు చూడండి, అక్కడా రిసార్టులున్నాయి. అత్తగారిని కూడా తీసుకెళ్తున్నారా లేదా అన్నది మీరు రాయలేదు, అది ముందు మీ ఆవిడని అడగండి.